పచ్చబల్ల మీది బంతులాట

గోలీలాట నెరుగని తెలుగు బాలుడు లేడు. అనంతపురపు పీఠభూమిపై కొత్తచెరువు వంటి యూళ్లలో బడి విడిచిన వేళ చింతచెట్టు నీడను జూడుడు. పిల్లలు నేలలో చిన్న గుంట త్రవ్వి, బొటనవ్రేలు నేల కానించి, నడిమివ్రేలిని విల్లువలె వెనుకకు వంచి గోలీని వదలుదురు. అది పోయి వేరొక గోలీని తాకును. తాకిన గోలీ నిలిచిపోవును. తాకబడిన గోలీ పరుగిడును. సూటిగా తాకిన నొక త్రోవ, ప్రక్కగా తాకిన వేరొక త్రోవ. ఏ గోలీ యెటు పోవునో చేతికంటె ముందుగా కన్ను కనిపెట్టవలెను. ఆ యాటకు కావలసినవి గోలీలు, గుంట, గురి మాత్రమే.

ఈ గురినే యాధారముగా జేసికొని ప్రపంచమున గొప్ప పేరు వడసిన యాటలు రెండు కలవు. ఒకటి బిలియర్డ్స్, రెండవది స్నూకరు. వీనిలో నేలకు మారుగా బల్ల, గుంటకు మారుగా బల్ల యంచుల నారు సంచులు, వ్రేలికి మారుగా ‘క్యూ’ అను పొడవైన కర్ర యుండును. స్నూకరు పుట్టినది మన దేశముననే. వ్యక్తిగత క్రీడలలో స్వతంత్ర భారతమునకు తొలి ప్రపంచవిజేతను ప్రసాదించినది బిలియర్డ్స్. కావున వీని కథ మనము తెలిసికొనదగినది.

మొదట బల్లను జూతము. దాని పొడవు 12 అడుగులు, వెడల్పు 6 అడుగులు. పైన పచ్చని ఉన్నిగుడ్డ బిగించి పరచియుండును. చూచువారు ఆ గుడ్డ క్రింద కొయ్య కలదనుకొందురు. కాని యచట నున్నది రాయి. మీరు చిన్నతనమున అక్షరములు దిద్దిన పలక యే రాతితో జేయబడునో ఆ పలకరాయియే అది. అట్టి పలకలకు మన రాష్ట్రమున మార్కాపురము పేరుగన్నది. పలకరాయి పొరలు పొరలుగా విడును. నునుపు చేసినచో సమముగా నిలుచును. కొయ్య తేమకు ఉబ్బును, ఎండకు వంగును. రాతి కా దోషము లేదు. 1826 ప్రాంతమున లండను నగరమందలి జాన్ థర్‌స్టన్ అను బల్లల తయారీదారు కొయ్యను విడిచి పలకరాతిని వాడసాగెను. నేటికిని అదే పద్ధతి నడచుచున్నది. అయిదు పెద్ద పలకలను ప్రక్కప్రక్కన జేర్చి, నడుమ సందు తెలియకుండ నతికి, రసమట్టముతో సరిచూచి బల్లను నిలుపుదురు. దాని బరువు టన్నుకు మించును. వెండ్రుకవాసి యెగుడుదిగుడున్నను మెల్లగా దొరలు బంతి దారి తప్పును గదా!

గుడ్డ పచ్చగా నుండుటకును ఒక కారణము చెప్పుదురు. ఈ యాట మొదట ఐరోపాలో పచ్చికబయళ్లపై ఆడబడెడిది. వానకును చలికిని వెరచి ప్రభువులు దానిని ఇంటిలోని బల్లపైకి తెచ్చుకొనిరి. 15వ శతాబ్దమున ఫ్రాన్సును పాలించిన పదునొకండవ లూయీ రాజునొద్ద నట్టి బల్ల యుండెనని చరిత్రకారులు వ్రాసిరి. బల్లపైని పచ్చగుడ్డ ఆ పచ్చికకు గురుతు. షేక్స్‌పియరు మహాకవి తన నాటకమొకదానిలో ఈజిప్టు రాణి క్లియోపాత్రాచేత ‘బిలియర్డ్స్ ఆడుదము రమ్ము’ అను భావము వచ్చునట్లు పలికించెను. క్లియోపాత్రా కాలమున నీ యాట లేదు. కవి తన నాటి యాటను పదునారు వందల యేండ్లు వెనుకకు పంపెను!

ఇక బంతుల కథ. పూర్వము వీనిని ఏనుగు దంతముతో జేసెడివారు. ఒక దంతమునుండి మంచి బంతులు నాలుగైదుకంటె వచ్చెడివి కావు. ఆటకు వ్యాప్తి హెచ్చిన కొలది ఏనుగుల ప్రాణములకు ముప్పు హెచ్చెను; దంతము వెలయు పెరిగెను. 1860 తరువాతి దశకమున అమెరికాలో బిలియర్డ్స్ సామగ్రి జేయు సంస్థ యొకటి, దంతమునకు బదులు పనికివచ్చు వస్తువును కనుగొన్నవారికి 10,000 డాలర్ల బహుమానము ప్రకటించెను. జాన్ వెస్లీ హయట్ అను అచ్చుపనివాడు ఆ ప్రకటన చూచి పరిశోధనకు గడగెను. ప్రత్తిని ఆమ్లములతో మార్చగా వచ్చిన పదార్థమునకు కర్పూరము చేర్చి, వేడిచేసి, ఒత్తిడిచే గట్టిపరచి ‘సెల్యులాయిడ్’ అను పదార్థమును సిద్ధపరచెను. 1870లో హయట్ సోదరులు దానికి హక్కుపత్రము పొందిరి. మనయింటి ప్రత్తియు, పూజకు వెలిగించు కర్పూరమును కలిసి ఏనుగుకు కొంత రక్షణ యయ్యెననవచ్చును. కాని సెల్యులాయిడ్ సులభముగా మండును. రెండు బంతులు గట్టిగా తాకినపుడు ఒక్కొక్కమారు టపాకాయవలె చిటిలెడిదని హయట్ స్వయముగా చెప్పెను. ఆ పదార్థముతోనే పిమ్మట దువ్వెనలు, బొమ్మలు, ఛాయాచిత్రముల ఫిల్ములు పుట్టినవి. ఇప్పటి బంతులు ఫినాలు రెజిన్ అను గట్టి పదార్థముతో జేయబడుచున్నవి. స్నూకరు బంతి వ్యాసము 52.5 మిల్లీమీటర్లు.

క్యూ కర్ర కొనకును చిన్న చరిత్ర గలదు. పూర్వము కొన వట్టి కొయ్యయే. బంతిని నడుమ గాక కొంచెము ప్రక్కగా తాకించినచో జారిపోయెడిది. 19వ శతాబ్దపు తొలినాళ్లలో ఫ్రాన్సు దేశమున చెరలోనుండిన మింగో అను సైనికోద్యోగి కర్ర కొనకు తోలుబిళ్ల నతికి చూచెను. తోలు బంతిని పట్టుకొనెను. దానికి సుద్ద రాచినచో పట్టు మరింత హెచ్చును. అంతట బంతిని ముందునకు, వెనుకకు, ప్రక్కలకు గిరగిర త్రిప్పుచు పంపుట సాధ్యమయ్యెను. తోలుబిళ్ల వ్రేలిగోరంతయే. అదియే యీ యాటను శాస్త్రముగా మార్చెను.

బిలియర్డ్స్ ఆడుటకు మూడు బంతులు చాలును: తెలుపు, పసుపు, ఎరుపు. ఆటగాడు తన బంతితో తక్కిన రెంటిని వరుసగా తాకిన 2 అంకెలు. ఎర్రబంతిని సంచిలో వేసిన 3 అంకెలు. ఎర్రబంతిని తాకి తన బంతియే సంచిలో పడినను 3 అంకెలు. తప్పిపోవువరకు ఒకడే యాడుచుండును. ఆ వరుసను ‘బ్రేక్’ అందురు. 1907లో టామ్ రీస్ అను ఆంగ్లేయుడు రెండు బంతులను సంచి మూతికడ కదలకుండ నిలిపి, వానినే మృదువుగా తాకుచు, అనేక దినములు ఆడి 4,99,135 అంకెలు గడించెను. చూచువారికి విసుగు పుట్టెను. ఆ యెత్తు నిషేధింపబడెను. 1932లో ఆస్ట్రేలియా దేశీయుడు వాల్టర్ లిండ్రమ్ లండనులో ఒకే వరుసను 4,137 అంకెలు కొట్టెను. అతని నేర్పు నరికట్టుటకే నియమములు మార్పవలసివచ్చెను. మెల్‌బోర్నులోని అతని సమాధి సయితము బిలియర్డ్స్ బల్ల ఆకారముననే నిర్మింపబడినది.

స్నూకరు పుట్టుక మరింత వినదగినది. 1875వ సంవత్సరము. మధ్యప్రదేశమందలి జబ్బల్‌పూరులో ఇంగ్లీషు సైన్యపు దండు విడిసియుండెను. వానకాలము, బయట ఆటలు లేవు. అధికారులు బిలియర్డ్స్ బల్లచుట్టు చేరి ప్రొద్దుపుచ్చుచుండిరి. వారిలో నెవిల్ చేంబర్లేన్ అను 19 ఏండ్ల యువకుడొకడు. (తరువాత ఇంగ్లండు ప్రధానమంత్రి యైన చేంబర్లేన్ వేరు, ఇతడు వేరు.) ఎర్రబంతులు, నల్లబంతి గల ఆటకు అతడు వేరురంగుల బంతులను చేర్చెను. ఆ దినములలో ఇంగ్లండులోని సైనిక విద్యాలయమున కొత్తగా చేరిన విద్యార్థిని ‘స్నూకరు’ అని యెగతాళి చేసెడివారు. ఒకనాడు తోడి యధికారి సులభమైన బంతిని తప్పగా చేంబర్లేన్ అతనిని ఆ పేర బిలిచెను. వెంటనే అతని మనసు నొచ్చకుండ, ఈ కొత్త యాటలో మనమందరమును స్నూకర్లమే యని నవ్వుచు ననెను. ఆ పేరు ఆటకు నిలిచిపోయెను. 1882లో ఉదకమండలపు క్లబ్బున నియమములు వ్రాసి గోడకు తగిలించిరి. చాలకాలమునకు ఆట పుట్టుకను గూర్చి వివాదము రాగా, వృద్ధుడైన చేంబర్లేన్ 1938లో ఆంగ్ల పత్రికకు లేఖ వ్రాసి నిజము దెలిపెను.

ఈ సంవత్సరములు మన సీమ చరిత్రలో వేరొక విధముగా గురుతుండును. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును మహాక్షామము పీడించెను. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్నది దీనినే. బళ్లారి, అనంతపురము, కర్నూలు, కడప ప్రాంతములు ఆ కరువున మిక్కిలి నష్టపడినవి. ఉదకమండలమున స్నూకరు నియమములు వ్రాసిన 1882లోనే బళ్లారినుండి విడదీసి అనంతపురము జిల్లాను ఏర్పరచిరి. ఉదకమండలమును అనంతపురమును నాడు ఒకే చెన్నరాజధానిలోనివి. ఒక కొండపై తీరికగా రంగుబంతులాట. ఈ పీఠభూమిపై చెరువులెండి, పైరులు మాడి, గంజికై బారులు. ఆటలో దోషము లేదు. కాని ఆడుటకు తీరిక కావలెను. తీరిక ఎల్లరకును సమముగా దొరకలేదు. చరిత్ర చదువునపుడు ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను.

ఆ కాలమున ఈ యాట కోటలకును క్లబ్బులకును పరిమితమై యుండెను. హైదరాబాదులో వికారుల్ ఉమ్రా ప్రభువు కట్టించిన ఫలక్‌నుమా సౌధమున బిలియర్డ్స్ గది యొకటి కలదు. అందలి బల్ల ఇంగ్లండునుండి వచ్చినది. తెల్లదొరల క్లబ్బులు పెక్కింటిలో భారతీయులకు సభ్యత్వము లేదు. బల్ల తుడుచుటకును, బంతులు అందిచ్చుటకును, అంకెలు లెక్కించుటకును మాత్రము భారతీయుని బిలిచెడివారు. ఇట్టివానిని ‘మార్కరు’ అందురు. బల్లచుట్టు రేయింబవళ్లు తిరిగినవాడతడు. గెలిచినవారి పట్టికలో మాత్రము అతని పేరుండదు.

ఇక స్నూకరు లెక్క తెలిసికొందము. బల్లపై 15 ఎర్రబంతులుండును. ఒక్కొక్కటి 1 అంకె. రంగుబంతులు ఆరు: పసుపు 2, పచ్చ 3, గోధుమ 4, నీలము 5, గులాబి 6, నలుపు 7. ఒక ఎర్రబంతిని వేసిన పిమ్మట ఒక రంగుబంతిని వేయవలెను. రంగుబంతి తిరిగి బల్లపైకి వచ్చును, ఎర్రబంతి రాదు. ఎర్రబంతులు ముగిసిన పిమ్మట రంగుబంతులను వరుసగా వేయవలెను. ప్రతి యెర్రబంతి వెంట నల్లబంతినే వేసినచో 15 మారులు 8 చొప్పున 120, తుద నారు రంగులకు 27, మొత్తము 147. సాధారణముగా ఒక వరుసలో పొందదగిన మిక్కిలి పెద్ద సంఖ్య ఇదియే. 1927లో తొలి ప్రపంచ వృత్తిక్రీడాపోటీని గెలిచిన ఇంగ్లండు వీరుడు జో డేవిస్, 1946 వరకు 15 మారులు విజేతగా నిలిచెను. అతడు 1955లో 147 కొట్టగా, ప్రమాణముగా అంగీకరింపబడిన మొదటి 147 అదియే యయ్యెను. 1977 నుండి ప్రపంచ వృత్తిక్రీడాపోటీలు ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరమున క్రూసిబుల్ నాటకశాలలో జరుగుచు వచ్చినవి. ఆ శాలలో తొలి 147 కొట్టినవాడు కెనడా దేశీయుడు క్లిఫ్ థోర్బర్న్, అది 1983లో. 1997లో రానీ ఓ సల్లివన్ అదే శాలలో అయిదు నిమిషముల పైచిలుకు కాలములోనే 147 ముగించి చూచువారిని విస్మితులను గావించెను.

మన దేశమున ఈ యాటకు వెలుగు తెచ్చినవాడు విల్సన్ జోన్స్. ఆయన 1922లో పూనాలో జన్మించెను. 1950లో తొలిసారి జాతీయ బిలియర్డ్స్ విజేత యయ్యెను. 1952లో ప్రపంచపోటీలు కలకత్తాలో జరిగినవి. మనవారు ఆశతో జూచిరి. కాని బిరుదు ఇంగ్లండు క్రీడాకారుడు లెస్లీ డ్రిఫీల్డ్‌కు దక్కెను. జోన్స్ కర్ర దింపలేదు. ఆరేండ్లు గడచినవి. 1958లో మరల అదే కలకత్తాలో ప్రపంచపోటీలు జరుగగా ఈమారు విజేత యాయనయే! హాకీలో మన జట్టు అప్పటికే ఒలింపిక్ స్వర్ణములు గెలిచియుండెను. కాని ఒంటరిగా నిలిచి ప్రపంచవిజేత యైన తొలి భారతీయుడు విల్సన్ జోన్స్. స్వాతంత్ర్యము వచ్చి నాటికి 11 ఏండ్లు. 1964లో న్యూజీలాండున ఆయన మరల గెలిచెను. జాతీయ బిలియర్డ్స్ బిరుదును 12 మారులు పొందెను. 1965లో పద్మశ్రీయు, శిక్షకునిగా చేసిన సేవకు 1996లో ద్రోణాచార్య పురస్కారమును ఆయనకు లభించినవి. 2003లో ఆయన కన్నుమూసెను.

ఆయన నడచిన బాటను పలువురు నడచిరి. బొంబాయికి చెందిన మైకేల్ ఫెరీరా 1977, 1981, 1983 సంవత్సరములలో ప్రపంచ బిలియర్డ్స్ బిరుదు గెలిచెను. క్రికెట్ క్రీడాకారునికి పద్మభూషణ మిచ్చి తనకు పద్మశ్రీ యిచ్చుట సమము కాదని 1981లో పద్మశ్రీని స్వీకరింపలేదు. పిమ్మట 1983లో ఆయనకు పద్మభూషణ మొసగబడెను. 1984లో ఓంప్రకాశ్ అగ్రవాల్ డబ్లిన్ నగరమున ప్రపంచ అమెచ్యూరు స్నూకరు విజేత యయ్యెను; ఆ ఘనత పొందిన తొలి భారతీయుడాయన. 1985లో ఢిల్లీలో జరిగిన బిలియర్డ్స్ తుదిపోటీ మరపురానిది. ఒకవైపు 24 ఏండ్ల గీత్ సేఠి. ఎదుట నాలుగుమారులు ప్రపంచవిజేత యైన ఆస్ట్రేలియా వీరుడు బాబ్ మార్షల్, వయస్సు 75 ఏండ్లు! యువకుడే గెలిచెను. కాని ఆ వయసున తుదిపోటీకి వచ్చిన మార్షల్ నెవరు ఓడినవాడనగలరు? 1992లో సేఠి ప్రపంచ వృత్తిక్రీడాపోటీలో 1,276 అంకెల బ్రేక్ సాధించెను. పిదప ప్రకాశ్ పడుకొనెతో గూడి యువ క్రీడాకారులకు సాయపడు ఒలింపిక్ గోల్డ్ క్వెస్ట్ అను సంస్థను స్థాపించెను. మన తెలుగు బిడ్డ పి.వి. సింధు ఆ సంస్థ తోడ్పాటు పొందినవారిలో నొకతె.

కొత్తచెరువు వారికి దగ్గర మహానగరము బెంగుళూరు. అదియే నేడు ఈ యాటకు గొప్ప నెలవు. పంకజ్ అద్వానీ అచటనే పెరిగి ఆట నేర్చెను. చిన్ననాడే తండ్రిని కోల్పోయిన యా బాలుడు, అన్న వెంట స్నూకరు శాలకు బోయి, మొదట చూచుచు నిలిచెను. అరవింద్ సవూర్ అను పూర్వ క్రీడాకారుడు అతనికి గురువయ్యెను. 2003లో చైనాలో, తన 18వ యేట, పంకజ్ ప్రపంచ స్నూకరు బిరుదు గెలిచెను. 2006 దోహా, 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో బిలియర్డ్స్ స్వర్ణములు తెచ్చెను. 2024 నాటికి అతని ప్రపంచ బిరుదులు 28. బిలియర్డ్స్‌కు ఓర్పు, స్నూకరుకు గురి ముఖ్యమని చెప్పుదురు. ఆ రెంటిని ఒకే చేతిలో నిలిపిన వారరుదు.

ఆ నగరమునకే చెందిన ఉమాదేవి నాగరాజు కథ మరియొక విధమైనది. ఆమె ప్రభుత్వ కార్యాలయమున టైపిస్టు. పని ముగిసిన పిమ్మట టేబుల్ టెన్నిస్ ఆడబోగా ఆ బల్లలు ఖాళీగా లేవు. ప్రక్కనున్న బిలియర్డ్స్ బల్ల కడకు బోయెను. అప్పటికి ఆమె చిన్న వయసుది కాదు. ఇల్లును ఉద్యోగమును చక్కబెట్టుకొనవలసిన గృహిణి. అయినను విడువక సాధన చేసి 2012లో మహిళల ప్రపంచ బిలియర్డ్స్ విజేత యయ్యెను. ఒకనాడు అధికారులకును ప్రభువులకును మాత్రమే తెరచిన తలుపు, ఒక టైపిస్టు తట్టగా తెరచుకొన్నది.

ఈ యాటలో మెచ్చదగిన మరియాద యొకటి కలదు. బంతిని కొట్టబోవునపుడు చొక్కా చేయి వేరొక బంతికి తగిలిన నది తప్పు. ఒక్కొక్కపుడు దానిని తీర్పరి చూడడు, ఎదుటివాడును చూడడు. ఆడువానికి మాత్రమే తెలియును. అట్టియెడ తానే ‘తప్పు నాది’ యని చెప్పి ప్రక్కకు తొలగుట ఉత్తమ క్రీడాకారుని లక్షణము. అందువలన నాలుగు అంకెలు పోవచ్చును. ఒక్కొక్కపుడు ఆటయే పోవచ్చును. అయినను పేరు నిలుచును.

బాలబాలికలారా! ప్రతి యూరను పలకరాతి బల్ల యుండకపోవచ్చును. కాని కన్నును చేతిని ఒక్కటి చేయు నిలకడ, ఓటమి పిదప ఆరేండ్లు వేచియుండు నోర్పు, ఎవరును చూడని తప్పును తానే యొప్పుకొను నిజాయితీ వెల పెట్టి కొనవలసినవి కావు. ఎండకు వంగక, తేమకు ఉబ్బక సమముగా నిలుచు రాయియే బంతికి తిన్నని త్రోవ నిచ్చును. గెలుపుకు పొంగక, ఓటమికి క్రుంగక నిలుచు మనస్సే మనుజునికి తిన్నని త్రోవ నిచ్చును.

ప్రశ్నలు

1. బిలియర్డ్స్ బల్లకు కొయ్యను విడిచి పలకరాతిని వాడుటకు కారణమేమి?

2. సెల్యులాయిడ్ ఎట్లు కనుగొనబడినది? దానివలన కలిగిన మేలేమి? కీడేమి?

3. స్నూకరుకు ఆ పేరెట్లు వచ్చెను?

4. స్నూకరులో 147 అంకెలు ఎట్లు వచ్చునో లెక్కించి చూపుడు.

5. 1952, 1958 సంవత్సరముల కలకత్తా పోటీలను పోల్చి, విల్సన్ జోన్స్ గుణములను వర్ణింపుడు.

6. ‘ఆడుటకు తీరిక కావలెను; తీరిక ఎల్లరకును సమముగా దొరకలేదు’ — ఈ మాటను పాఠములోని విషయముల యాధారముతో వివరింపుడు.